ఒక్క భుజానికే శాలువా

"ఇదిగో, ఇంకోటి ఒచ్చినాది సూడు. తీసి లోపలెట్టుకో. ఇయ్యి కూడా నీకే ఇచ్చీస్తన్నారు అందరూ కలిసి!"

లక్ష్మీనరసమ్మ ఆ రేకు తప్పెటను మొగుడి కాళ్ళ ముందు పడేసింది. అది గిర్రున తిరిగి, అరుగు అంచుకు కొట్టుకుని, ఒక్కసారి మోగి ఊరుకుంది.

తెల్లారినప్పటి నుంచీ ఇదే వరస. తప్పెట వాయిస్తూ ఎగిరి ఆడే తప్పెటగుళ్ళ దళంలోని మగాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. మెడలో వేసుకునే తాడుతో సహా ఎవరి తప్పెట వాళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోతున్నారు. కొందరు లక్ష్మీనరసమ్మకు దండం పెట్టారు. నరసింగరావుకు మాత్రం ఎవరూ పెట్టలేదు. నిన్న మొన్నటి దాకా గురువా అని కాళ్ళకు మొక్కినవాళ్ళే.

నరసింగరావు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కో తప్పెట వచ్చి పడుతుంటే తల మరికాస్త కిందికి దిగుతోంది. అంతే. 

నిన్న బడి మైదానంలో పెద్ద సన్మానం జరిగింది. పద్మశ్రీ వచ్చిందని మండలమంతా కదిలి వచ్చింది. పెద్దలు శాలువా కప్పారు. అక్కడిదాకా బాగానే ఉంది.

ఆ దళానికి తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ఏ ఊళ్ళో ఆడినా, ఏ పెద్దమనిషి కప్పినా, శాలువా గురువు భుజం మీద ఆగేది చిటికెడు సేపే. అక్కడి నుంచి పక్కవాడి భుజానికి, వాడి నుంచి ఆ పక్కవాడికి, ఆఖరున గజ్జెల మూట మోసేవాడి దాకా తిరగాలి. తిరిగాకే మడత పెట్టాలి. తిరగని శాలువా గడప దాటి లోపలికి రాకూడదు.

నిన్న శాలువా తిరగలేదు.

పక్కనే ఉన్న సింహాచలం అలవాటు కొద్దీ భుజం వంచాడు. నరసింగరావు శాలువా అంచులు రెండు చేతులా బిగించి పట్టుకుని, ఎటూ చూడకుండా నిలబడిపోయాడు. జనమంతా చూస్తూనే ఉన్నారు.

"మా తమ్ముడు వంచిన బుజం వంచినట్టే ఉండిపోనాడు మావా. ఎత్తడానికి సిగ్గుపడిపోనాడు. ఆడోల్ల మద్దిన కూకోని నాను సూసినాను. నేల సీలితే దూరిపోదునని అనిపించినాది నాకు."

సింహాచలం లక్ష్మీనరసమ్మ తోడబుట్టినవాడు. ఆటలో మనుషుల మీద మనుషులు ఎక్కి గోపురం కట్టేటప్పుడు, అడుగున కాళ్ళు పాతుకుని నిలిచేది అతనే. అతని భుజాల మీద నిలబడే నరసింగరావు ఇన్నాళ్ళూ పాట ఎత్తుకున్నాడు.

"ఒక్క మాట సెప్పు. ఎందుకు తిప్పనేదు? పద్మశ్రీ ఒచ్చినంతలో మా తమ్ముడి బుజం మాసిపోనాదా?"

నరసింగరావు పెదవి కదిపాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"దేవుడు నీకు నోరు పాటకే ఇచ్చినాడా? మాటకి ఇయ్యనేదా?"

"అమ్మా, తప్పు! పద్మశ్రీని పట్టుకుని అలగ తిడతావేటి? ఈధిలో ఇంటారు," అంటూ కొడుకు త్రినాథ్ బండి దిగాడు. చంకలో ఫ్లెక్సీ చుట్ట.

"పద్మశ్రీ ఎవుడ్రా? నాను తిట్టింది నా మొగుణ్ణి."

త్రినాథ్ వినిపించుకోలేదు. ఫ్లెక్సీ విప్పి గోడకు ఆనించాడు. ఈసారి సర్పంచికి నిలబడాలని వాడి ఆరాటం. 'పద్మశ్రీ నరసింగరావు గారి తనయుడు, ప్రజల మనిషి త్రినాథ్' అని అక్షరాలు. తనయుడి మొహం చేటంత. నరసింగరావు మొహం పై మూలన, అప్పడమంత.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలు సుహాసిని నుదురు కొట్టుకుంది.

"ఎన్నిసార్లు సెప్పినాను మీకు? అది పేరుకి ముందర పెట్టకూడదు, ఎనక పెట్టకూడదు. అది బిరుదు కాదు. అలగ వాడుకుంటే డిల్లీవోల్లు ఎనక్కి తీసేసుకోవచ్చని ఆ రూల్సు కాగితంలోనే ఉంది. నేను సదివి వినిపించలేదా?"

"ఊరుకోవే. నువ్వూ నీ రూల్సూ. ఎవుడొచ్చి సూస్తాడు ఇక్కడ?"

"తీసీసుకుంటారని నువ్వే కదరా సెప్పినావు."

ఆ మాట అన్నది నరసింగరావు. ముగ్గురూ అతని వైపు తిరిగారు. పొద్దుటి నుంచి అదే మొదటి మాట.

"నిన్న, మైకు కాడ. నా సెవిలో సెప్పినావు. 'నాన్నా, ఇది నీ ఒక్కడికే. ఇంకొకడి మీద ఏస్తే డిల్లీవోల్లు తీసీసుకుంటారు' అనేసి."

త్రినాథ్ ఫ్లెక్సీ మూల సర్దుతున్నట్టు కిందికి వంగాడు.

సుహాసినికి అప్పుడు అర్థమైంది. "అయ్యో మావయ్యా! ఇంకొకరికి పెట్టకూడదన్నది పతకం. డిల్లీలో రాష్ట్రపతి గారు గుండెల మీద పెడతారు, అది. నిన్నటిది మన మండలపోల్లు కప్పిన శాలువా. దానికీ డిల్లీకీ ఏటి సంబంధం?"

నరసింగరావు కోడలి మొహంలోకి చూశాడు. ఆ తేడా ఆయనకు తెలియదు. ఎలా తెలుస్తుంది? బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన చూసిన గౌరవం ఒక్కటే. అది భుజం మీదికే వస్తుంది. పద్మశ్రీ అన్నా భుజం మీదికి వచ్చేదే అనుకున్నాడు. ఆ శాలువాయే పద్మశ్రీ అనుకున్నాడు. చేజారితే ఊరి పేరు పోతుందని, దళం పేరు పోతుందని, గుప్పిళ్ళు బిగించి పట్టుకున్నాడు.

లక్ష్మీనరసమ్మ కొడుకు దగ్గరికి నడిచింది.

"నీకు తెలుసా, తెలీదా?"

"అమ్మా, అది కాదు..."

"తెలుసా, తెలీదా?"

"ఫొటోలో నాన్న ఒక్కడే ఉండాల కదమ్మా. ఆ శాలువా అందరి మీదా తిరిగితే అందరూ మూగిపోతారు. పేపర్లో మొకం కనిపించదు. ఫ్లెక్సీకి ఆ ఫొటోయే..."

"ఓరి నీ మొకం మండ! నీ ఓట్ల కోసరం మీ మావయ్య బుజం వంచీసినావురా!"

ఫ్లెక్సీని ఒక్క లాగు లాగింది. చిరగలేదు. గట్టి సరుకు. దాన్ని కోడలి చేతిలో పెట్టింది.

"పట్టికెల్లి పశువుల సాలకి అడ్డం కట్టు. ఈగలైనా ఆగుతాయి."

నరసింగరావు లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సింహాచలం కాడికి ఎల్లొస్తాను," అన్నాడు.

అంతలో వీధిలో కారు ఆగింది.

కారు దిగినాయన జయకృష్ణ. ఆ ఇంటికి కొత్తవాడు కాదు. విశాఖపట్నంలో పాఠాలు చెప్పే రోజుల్లో టేపు రికార్డరు చంకన పెట్టుకుని వచ్చేవాడు. ఇదే అరుగు మీద పడుకుని, లక్ష్మీనరసమ్మ పోసిన చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, నరసింగరావు పాడినవన్నీ రాసుకుని పోయేవాడు. అవే పుస్తకాలయ్యాయి. పుస్తకాలు ఆయన్ని పెద్దవాణ్ణి చేశాయి. మొన్నటి జాబితాలో ఆయన పేరూ ఉంది. ఆయనకు పద్మభూషణ్.

"ఏం నరసింగా! ఇద్దరం ఒకే జాబితాలో! తప్పెటగుళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?" అంటూ కుర్చీలో కూర్చున్నాడు.

లక్ష్మీనరసమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించింది. అంబలి తేలేదు.

"మీదేదో పెద్దదంట కదా బాబూ?"

"పద్మభూషణ్ అమ్మా."

"మా మనిసిదాని కన్నా పెద్దదా?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "పెద్దా చిన్నా అని కాదమ్మా. పద్మశ్రీ అంటే విశిష్ట సేవకి. దాని మీద పద్మభూషణ్, ఉన్నత స్థాయి విశిష్ట సేవకి. ఆ పైన పద్మవిభూషణ్, అసాధారణ సేవకి. అన్నిటికీ పైన భారతరత్న."

"అంటే మెట్లే కదా."

"అలా అనకూడదు గానీ... అలాగే అనుకో."

"ఎగిరింది మా మనిసి. ఎగురుతుంటే పక్కన కూకోని రాసుకున్నది మీరు. ఎగిరినోడు కింద మెట్టు, రాసుకున్నోడు పై మెట్టు. సరే, డిల్లీవోల్ల లెక్క డిల్లీవోల్లది. మరి ఆ ఎగిరినోణ్ణి బుజాల మీద మోసినోడిది ఏ మెట్టు? దానికి పేరెట్టడం మర్సిపోనారా?"

"అత్తా," అంది సుహాసిని మెల్లగా.

"ఉండవే. బాబు సదువుకున్నోరు, సెప్పనీ."

జయకృష్ణ గ్లాసు కింద పెట్టాడు. "దళాలకి ఇవ్వరమ్మా. మనిషికే ఇస్తారు. నరసింగరావు పేరు పంపింది నేనే. ఒక్క పేరే రాయాలి. ఎవరిది రాయనూ? గురువుదే రాశాను."

"ఆ ఒక్క పేరు ఎంచడానికి మీరెవరు బాబూ? మమ్మల్నడిగినారా? అడిగుంటే ఏ పేరూ ఒద్దని సెప్పుదుం. తినడానికి కూకున్న బంతిలో ఒక్క ఇస్తరాకే ఏసి పోనారు మీరు. ఇప్పుడొచ్చి, తిన్నావా అని ఆ ఒక్కణ్ణే అడుగుతన్నారు!"

జయకృష్ణ అరుగు మీద తప్పెటల గుట్ట వైపు చూశాడు. త్రినాథ్ పక్కకు వచ్చి, దళం అలిగిన సంగతి చెవిలో వేశాడు.

"ఓహో, అలకలా! మామూలే," అని తేలిగ్గా నవ్వేశాడు జయకృష్ణ. "నేను వచ్చిన పని కూడా అదే నరసింగా. ఆదివారం నాకు విశాఖలో సభ పెట్టారు. దళంతో వచ్చి ఆడాలి నువ్వు. వాళ్ళు రాకపోతే దిగులు పడకు. నా విద్యార్థులు బోలెడుమంది ఉన్నారు, నడుముకి గజ్జెలు కట్టి నిలబెడదాం. పాట టేపులో వేస్తారు. నువ్వు మధ్యలో నిలబడితే చాలు." మళ్ళీ గుట్ట వైపు చెయ్యి చూపించాడు. "తప్పెటలు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి కదా. ఇవే కారులో వేసుకుపోతాను."

లక్ష్మీనరసమ్మకు ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. చీపురు ఎక్కడుందా అని చూసింది. నిజంగానే చూసింది.

ఆమె నోరు తెరిచేలోగా త్రినాథ్ జేబులో ఫోను మోగింది.

"ఆఁ సార్, చెప్పండి సార్... అవును సార్, వాళ్ళ అబ్బాయినే. డిల్లీకి తోడు వచ్చేవాళ్ళ పేరా? నా పేరే రాసుకోండి సార్. త్రినాథ్..."

నరసింగరావు చెయ్యి చాచాడు.

"నాన్నా, జిల్లా ఆఫీసోల్లు. నేను మాట్లాడతన్నాను కదా."

చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. త్రినాథ్ ఫోను ఇవ్వక తప్పలేదు.

"నమస్కారం బాబూ. నాను నరసింగరావుని. నాకా అవార్డు ఒద్దు. డిల్లీ రాను." అవతల ఏదో గట్టిగా అడుగుతున్నారు. ఈయన ఓపిగ్గా విన్నాడు. "కోపమేటీ నేదు బాబూ. ఒద్దు, అంతే. సంతకం కావాలా? ఎవుల్నైనా పంపండి, ఎట్టీస్తాను."

ఫోను కొడుకు చేతిలో పెట్టి, మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

త్రినాథ్ తల పట్టుకున్నాడు. జయకృష్ణ లేచి నిలబడ్డాడు. మొహంలో నవ్వు ఎగిరిపోయింది.

"నరసింగా, ఇది నేనిచ్చింది కాదయ్యా. దేశం ఇచ్చింది. కాదనడం చిన్న మాట కాదు. ఆలోచించుకో."

నరసింగరావు తప్పెటలను దగ్గరికి లాక్కున్నాడు. కాసేపు చూసి జయకృష్ణ కారెక్కాడు. తప్పెటలు అరుగు మీదే ఉన్నాయి.

కారు మలుపు తిరిగాక లక్ష్మీనరసమ్మ లోపలికి వెళ్ళి, చెంబు నిండా చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"తాగు," అంది. గొంతు మారిపోయింది. "నాను నిన్ను పొద్దుట్నించి తిట్టీసినాను. తిట్టించుకున్నావు గానీ... మగోడివి మావా నువ్వు. కింద మెట్టు ఆల్లకే ఉంచీమని ఆల్ల మొకానే సెప్పీసినావు."

నరసింగరావు తాగాడు.  త్రినాథ్ బండి తీసి ఎటో పోయాడు.

ఎండ వాలుతుండగా, అరుగు మీది మాటలన్నీ ఊళ్ళో పాకాక, సింహాచలం వచ్చాడు. వెనక దళంలోని మగాళ్ళు. వాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. సింహాచలం ఒక్కడే వాకిట్లోకి వచ్చాడు.

లక్ష్మీనరసమ్మ ఎదురెళ్ళింది. "రారా తమ్ముడా! ఇన్నావా? మీ బావ ఒద్దనీసినాడు. మనకా పీడ ఒదిలిపోనాది. కూకో, నీకూ అంబలి..."

"నువ్వుండు అప్పా."

అక్కను పక్కకు తప్పించుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"నిజమేనా బావా?"

"నిజమే."

"ఎవుల్నడిగి ఒద్దన్నావు?"

నరసింగరావు తెల్లబోయాడు. లక్ష్మీనరసమ్మ ఇంకా తెల్లబోయింది.

"నీ కోసమేరా. మీ అందరి కోసరం," అన్నాడు నరసింగరావు.

"నా కోసరమా?" సింహాచలం ఒక అడుగు ముందుకేశాడు.  "నిన్న నన్నడక్కుండా ఉంచీసుకున్నావు. ఇయ్యేల నన్నడక్కుండా పారీసినావు. రెండిటికీ తేడా ఏటి బావా? అది నీ ఒక్కడిదే అయితే నిన్న నువ్వు సేసింది సరే, అలిగిన నాను వెదవని. మా అందరిదీ అయితే ఇయ్యేల నువ్వు సేసింది దొంగతనం. ఏదో ఒకటి సెప్పు."

"ఒరే, ఏటా మాటలు! దొంగతనమంతావేట్రా!" అని లక్ష్మీనరసమ్మ కలగజేసుకుంది.

"మరేటనాల అప్పా? టీవీలో బావ పేరు సెప్పినారు. తెల్లారి మా మనవరాలు బడికెల్లి, 'మా తాతకి పద్మశ్రీ ఒచ్చింది' అని అందరికీ సెప్పుకున్నాదంట. ఏ తాతనుకున్నావు? నన్నే! మేస్టరు నవ్వితే ఏడిసినాది గానీ ఒప్పుకోనేదు. 'మా తాత బుజాల మీద ఎక్కకపోతే ఆ తాత ఎవులికి కనిపిస్తాడు' అన్నాదంట. దానికి ఏడేల్లు. దాన్ని ఇంటికి తెచ్చుకోని ఏటని సెప్పమంటావు? మీ పెద్దతాత ఇసిరీసినాడని సెప్పమంటావా?"

గేటు దగ్గర ఎవరో దగ్గారు. 

"బూసణో, సిరో, కింద మెట్టో, పై మెట్టో నాకు తెలీదు. మన గుమ్మంలోకి ఒచ్చిన మెట్టు అదొక్కటే. తప్పెట కట్టి సచ్చిపోనోల్లు ఎంతమంది, ఆల్లెవులికైనా అది ఒచ్చినాదా? నిన్న సాలువ నా బుజానికి రానేదని నాను అలిగినాను. అలుగుతాను. నీ మీద నాకు ఆపాటి అదికారం నేదా? మరదీ ఇదీ ఒకటేనా?"

 పొద్దుటి నుంచి లక్ష్మీనరసమ్మ కోపానికి ఒక దారి ఉంది. ఇప్పుడు ఆ దారి మధ్యలో తమ్ముడే అడ్డంగా నిలబడ్డాడు. మొగుణ్ణి అని లాభం లేదు, తమ్ముణ్ణి అనడానికి లేదు.

"ఒరే తమ్ముడా, నిన్నటిది మీ బావకి తెలీక జరిగినాదిరా. ఆ త్రినాథుగాడే సెవిలో..."

"ఊరుకో," అన్నాడు నరసింగరావు.

"సెప్పనీ మావా. తెలియాల గదా ఆడికి!"

"ఊరుకో అన్నాను. కొడుకు మీదికి తోసీసి తప్పుకోనా? సాలువ పట్టుకున్నయ్యి నా సేతులే."

సింహాచలం అక్కనీ బావనీ మార్చి మార్చి చూశాడు. ఏదో అడగబోయాడు.

గేటు దగ్గర బండి ఆగింది. జిల్లా ఆఫీసు మనిషి. ఆ ఎండలో శ్రీకాకుళం నుంచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. జనాన్ని తప్పించుకుని లోపలికి వచ్చాడు.

"నరసింగరావు గారిల్లు ఇదేనా అండీ? వద్దన్నారట కదా. ఇక్కడో సంతకం కావాలి. రాత్రిలోగా పైకి పంపాలన్నారు మా సారు. పంపేస్తే ఇంక ఎవరి చేతుల్లోనూ ఉండదు, చూసుకోండి మరి."

కాగితం అరుగు మీద పరిచి, కలం మూత తీసి అందించాడు.

నరసింగరావు కలం తీసుకోలేదు. బావమరిది వైపు చూశాడు.

"సెప్పరా. సంతకం ఎట్టమంటావా, మానమంటావా?"

"మళ్ళీ నన్నొక్కణ్ణే అడుగుతావేటి?" సింహాచలం గేటు వైపు చెయ్యి చూపించాడు. "ఆల్లందర్నీ అడుగు."

నరసింగరావు అరుగు దిగి, చెప్పులు లేకుండానే ఎండలోకి నడిచి, వాళ్ళ ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ వాళ్ళకు పాట అందించడమే గానీ, వాళ్ళను అడగడం ఆయన ఎరగడు. 

"ఏటంతారు?" అన్నాడు.

"ఎట్టకు గురువా! అది మనది!" అన్నాడు ముందు వరసలోవాడు.

"ఎట్టీ గురువా! రాసుకున్నోడి కాలి కింద మెట్టు మనకెందుకు?" అన్నాడు వాడి పక్కవాడు.

"నీకేటి తెలుసురా?"

"నీకు తెలుసేటి?"

ఒకడు ఇంకొకడి చొక్కా పట్టుకున్నాడు. లక్ష్మీనరసమ్మ "ఓలమ్మో" అని పరుగెత్తింది. ఒకే పాటకు ఒకేసారి అడుగేసే ఆ మగాళ్ళు, నరసింగరావు కళ్ళ ముందే అటు కొందరు, ఇటు కొందరు అయిపోయారు.

ఆఫీసు మనిషి మూత తీసిన కలం పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక చూస్తున్నాడు.